కందూరు తర్వాత

దేవరయాంజాల్,
2012 ఫిబ్రవరి 11

ఒసే డాక్టరమ్మా, నా సహస్రా,

ఫోన్‌లో చెప్పలేదని కోపం తెచ్చుకోకు. గోడ అవతల ఎప్పుడూ అత్త చెవి ఉంటుంది. అల్వాల్ బళ్లో పక్కపక్కన కూర్చున్న నీకు తప్ప ఈ సంగతి ఇంకెవరికి రాసుకోను?

మా ఆయన షఫీయుద్దీన్ ఏడాదిగా రక్తం పడుతుంటే మొలలే అనుకుని, మేడ్చల్ మార్కెట్లో తోటి కూరగాయల వ్యాపారులు చెప్పిన ఆకు పసర్లన్నీ తాగాడు. నువ్వు తిట్టాకే పెద్దాసుపత్రికి వెళ్లాం. గొట్టం వేసి చూస్తే పెద్దపేగులో గడ్డ కనిపించింది. చిన్న ముక్క గిల్లి పరీక్షకు పంపారు. క్యాన్సర్ లేదని వచ్చింది. అత్త సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మొక్కుకున్నట్టే దర్గా దగ్గర కందూరు చేసింది. మేకను కోసి, ఊరందరినీ పిలిచి అన్నం పెట్టింది. నేనూ నడుం పడిపోయేలా వండాను.

కానీ సహస్రా, ఆ పరీక్ష ఫలితం వచ్చిన రోజు మందుల చీటీ కోసం నేనొక్కదాన్నే లోపలికి వెళ్లినప్పుడు డాక్టర్ ఒక మాట అన్నాడు. "గడ్డ పేగు గోడ లోపల, కండలో ఉందమ్మా. మేం గిల్లింది నున్నగా ఉన్న పైపొరను. అందులో లేదంటే లోపల లేదని కాదు. సూదితో లోతుగా తీయాలి, జల్దీ తీసుకురండి." బయటికొచ్చేసరికి అత్త ఆయన్ని పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. చీటీ ఒక్కటే చూపించి ఆ మాట దాచేశాను. మొక్కు చెల్లించాక మళ్లీ పరీక్ష అంటే, అల్లా చేసిన మేలును నమ్మనట్టే అంటుందామె. ఏం చేయను? భయంగా ఉందే.

నీ జహేదా


మార్చి 3

సహస్రా,

ఎందుకు దాచావని తిట్టిన నీ జవాబు చదివి ఒక పూట నీ మీద మండిపడ్డాను, ఆ తర్వాత నా మీద. ఇలా పేగు కండలో పుట్టే గడ్డలు అరుదనీ, రెండు రకాలుంటాయనీ, ఒకదానికి రోజూ వేసుకునే మాత్ర ఉందనీ, రెండోదానికి కత్తి తప్ప దారి లేదనీ రాశావు. ఆ మాత్ర మీద ఆశతో ఆయనకు చెప్పేశాను.

తిడతాడనుకున్నాను. మంచం మీద నుంచి లేవకుండానే, "నాకెర్కలేదా? నొప్పి నాది గదా," అన్నాడు.

"ఎర్కుండి కందూరెందుకు జెయ్యనిచ్చినవ్?"

"అమ్మీ అట్ల నవ్వంగ సూసి ఎన్నేండ్లాయె! ఇగ మళ్ల దవాఖానకు పోతే ఊర్ల ఏం మొఖం వెట్టుకుంటది?"

నాకు ఒళ్లు మండింది. "మొఖం సంగతి తర్వాత, ముందుగాల మనిషి ఉండాలె గదా!" అని అరిచాను. ఆ అరుపుకే లొంగాడు.

మార్కెట్‌కని చెప్పి వెళ్లి సూదితో లోపలి ముక్క తీయించుకొచ్చాం. ఆ ముక్కకు ఏవో రంగులు పట్టించి ఏ రకమో తేలుస్తారట. ఇప్పుడు అత్త, "సన్నబడ్డవేందిరా, ఇంకింత తిను," అని కొసరి కొసరి వడ్డిస్తోంది. ఆయన కష్టపడి మింగుతున్నాడు. చూడలేక ఇటొచ్చి రాస్తున్నాను.

జహేదా


మార్చి 14

సహస్రా,

మాత్ర ఉన్న రకం కాదు.

ఏం చెప్పినా ఇద్దరికీ కలిపే చెప్పమని డాక్టర్‌ని అడిగాను. పేగు కండరంలో పుట్టిన సార్కోమా అట, అదీ క్యాన్సరే. పేగును ఆ మేరకు కోసి తీసెయ్యాలి. కాలేయం మీద ఒక మచ్చ కూడా ఉంది, అదేమిటో లోపల చూస్తేగానీ చెప్పలేమన్నాడు. "కోస్తే పోతదా సార్?" అని అడిగాడు మా ఆయన. పోతుందని డాక్టర్ అనలేదు. ప్రయత్నిద్దాం అన్నాడు.

ఇంటికొస్తే గడపలోనే అత్త. "గింతసేపు యాడికి వోయిన్రు?" ఆయన నా వైపు చూశాడు. చెప్పొద్దని ఆ చూపు. ఒకసారి నోరు మూసుకున్నందుకే నెల రోజులు పోయాయి. ఆయన అబద్ధం వెతుక్కునేలోపే నేను అంతా చెప్పేశాను, కందూరు నాటికే నాకు తెలుసన్న మాటతో సహా. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

అత్త అక్కడే కింద కూర్చుండిపోయింది. కొడుకును దగ్గరికి పిలిచి, చొక్కా పైకెత్తి, "ఏడుందిరా, సూపెట్టు," అంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని సరిగ్గా అక్కడ పెట్టాడు. ఆమె చెయ్యి తీయలేదు.

సోమవారం ఆపరేషన్. రా.

జహేదా