మే నెల సముద్రం

సునాబెడ, ఏప్రిల్ 9

ప్రియమైన దుర్గకు,

ఫోన్లో మాట మీద మాట పెరుగుతోంది, అందుకే రాస్తున్నాను. అండమాన్‌కు మే ఆఖరి వారంలో టికెట్లు తీసేశాను. ఫ్యాక్టరీలో నాకు సెలవు దొరికేదీ, మన సస్మితకు బడి లేనిదీ అప్పుడే. నీల్ దీవి దగ్గర ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని తేలుతూ నీటి అడుగున పగడాలు చూడొచ్చు. పన్నెండేళ్ళ పిల్లకి అంతకంటే ఏం కావాలి? నీకు ఆస్పత్రిలో సెలవు ఇవ్వకపోతే మేమిద్దరమే వెళ్తాం.

నీ రామ్‌ప్రసాద్


జేకేపూర్, ఏప్రిల్ 16

ప్రియమైన శ్రీవారికి,

నన్ను అడగకుండానే తీసేశారు. నాకు సెలవు ఇవ్వలేదు. మే ఆఖరికి అక్కడ వానగాలి మొదలవుతుందట, ఇసుక లేచి నీళ్ళు మసకబారతాయట. ఫిబ్రవరిలో అయితే సముద్రం నిమ్మళంగా ఉంటుందని, అక్కడ పనిచేసి వచ్చిన మా ఆస్పత్రి సిస్టర్ వరహాలమ్మ గారు చెప్పారు. సస్మిత ఈత నేర్చింది కాలనీ కొలనులో. అక్కడ అలలుండవు. మీరు ఒకటి అనుకుంటే ఆగరు, నా భయమంతా అదే.

వెళ్ళేటట్టయితే పొద్దున్నే, సముద్రం పోటు మీదున్నప్పుడు, ఒడ్డుకు దగ్గర్లోనే దిగండి. పడవవాడు వద్దంటే మానేయండి. మాట ఇస్తూ జవాబు రాయండి.

మీ దుర్గ


సునాబెడ, ఏప్రిల్ 24

దుర్గా,

మాట ఇస్తున్నాను. పిల్ల ముందు మాత్రం ఇలా భయపడుతూ మాట్లాడకు.

ప్రసాద్


నీల్ జెట్టీ, మే 29

ప్రియమైన దుర్గకు,

మేమిద్దరం క్షేమం. ముందు అది చదువు. నిన్నటి గాలికి ఫోన్లు పనిచెయ్యడం లేదు, విశాఖ వెళ్తున్నవాళ్ళ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నిన్న పొద్దున్న ఎండ బాగానే కాసింది. మేం మాట్లాడుకున్న పడవ ముసలాయన మాత్రం గాలి తిరిగింది, ఈవేళ వద్దన్నాడు. నీకిచ్చిన మాట అక్కడే తప్పాను. ఇంకొకతని పడవ కుదిర్చాను. సస్మిత ఇసుకలో కూలబడింది.

"నేను రాను నాన్నా. ఆయన వద్దన్నాడు కదా."

"మీ అమ్మ నేర్పిన మాటలివి. లెగు."

"అమ్మ ఏటీ సెప్పలేదు. నాకే భయమేస్తోంది."

అందరి ముందూ చెయ్యెత్తాను. కొట్టలేదు. తను లేవలేదు, ఆ పడవ మేం లేకుండానే వెళ్ళింది.

పగడాల దిబ్బ దాటగానే దాని ఇంజిన్ ఆగిపోయింది. వాన దిగింది. అలలు పడవను లోపలికి లాక్కుపోతుంటే ఒడ్డున నిలబడి చూశాం. రోజూ ఇంజిన్ల మధ్యే పనిచేసేవాణ్ణి, ఏమీ చెయ్యలేకపోయాను. సాయంత్రానికి కోస్ట్ గార్డువాళ్ళు అందర్నీ ప్రాణాలతో తెచ్చారు. పడవెక్కినవాళ్ళలో సస్మిత ఈడు పిల్ల ఒకతె, వణుకుతూ దిగింది.

ఈవేళ గాలి పడిపోయింది. ముసలాయనే వచ్చి పిలిచాడు. నేను ఒడ్డునే ఆగిపోయాను. సస్మితే నా చెయ్యి పట్టుకుని దించింది. నీళ్ళు మసకగానే ఉన్నాయి. ఒక్క నీలం చేప కనబడింది. తల పైకెత్తాక సస్మిత అడిగింది.

"నిన్నటిది అమ్మకి సెప్తావా?"

"నువ్వయితే ఏటి సేస్తావు?"

"సెప్పేస్తాను."

అందుకే రాశాను. ఇంటికొచ్చాక నువ్వేమన్నా వింటాను.

నీ ప్రసాద్