కొట్టేసిన అయిదో క్లాజు

బట్టల ఫ్యాక్టరీ చెకింగ్ సెక్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైన నేను, డెబ్బై ఒకటో ఏట, మా ఇంటి ముందుగదిలో కూర్చుని నా చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. నాకు మతి స్థిమితంగానే ఉంది. ఉందని డాక్టరు ఇచ్చిన కాగితాన్ని దీని వెనక పిన్ను చేశాను. నన్నెవరూ ప్రేరేపించలేదు, బెదిరించలేదు. అక్కను బెదిరించేవాళ్ళు ఇంకా పుట్టలేదని మా తమ్ముడు వాళ్ళావిడతో అనడం నేను చెవులారా విన్నాను. కోపంతో రాస్తున్న మాట నిజమే. కోపం పిచ్చి కిందికి రాదని వకీలును అడిగి రూఢి చేసుకున్నాను.

1. ఈ ఇల్లు, అంటే ముందుగది, వంటగది, మేడ మీది రేకుల గది, నా తదనంతరం మా తమ్ముడి కొడుకుకు, అనగా నా మేనల్లుడికి, సర్వహక్కులతో చెందుతుంది. వాడు బుద్ధిమంతుడని ఇవ్వడం లేదు. మూడేళ్ళ కిందట నా తుంటి విరిగినప్పుడు ఆస్పత్రి కుర్చీలో పదకొండు రోజులు ముడుచుకుని పడుకున్నాడని ఇస్తున్నాను. అయితే ముందుగది గోడకు వాడు వంకరగా కొట్టిన మేకును పీకి, తిన్నగా కొట్టిన తర్వాతే తాళంచెవులు వాడి చేతికివ్వాలి.

2. తమ్ముడికి గోడగడియారం. వాడు జీవితంలో దేనికీ వేళకు రాలేదు. దీన్ని తీసుకోవడానికీ ఆలస్యంగానే వస్తాడు కనుక వాడి కోసం ఎవరూ అన్నాలు మానుకుని కూర్చోవద్దు. మరదలికి నా దగ్గర మిగిలిన ఎర్రబాణం స్టిక్కర్ల చుట్టలు. చొక్కాలో ఎక్కడ మరక ఉన్నా, దారం వేలాడుతున్నా అక్కడ అంటించే స్టిక్కర్లివి. రోజుకు తొమ్మిది వందల చొక్కాలు చూసేదాన్ని. బాగున్న చొక్కా గురించి ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ ఉద్యోగం ఇంటికి కూడా తెచ్చుకున్నానని మరదలు నా వెనక అంటుంది. నా ఫోటో మీద ఎక్కడెక్కడ అంటించాలో ఆవిడకు ఒకరు చెప్పనక్కర్లేదు.

3. ఇక నా స్నేహితురాళ్ళు. మా ఫ్యాక్టరీలో మనుషులను సెక్షన్ పేరుతోనే పిలిచేవాళ్ళు. గుండీల మిషను మీద కూర్చునేది గుండీ. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడేది ఇస్త్రీ. నేను చెకింగ్. నాలుగోది, వేళ్ళలో సూదులు దిగినవాళ్ళకు కట్టు కట్టే డిస్పెన్సరీ నర్సు. ఏటా మిషన్ల రిపేర్లకని వారం రోజులు ఫ్యాక్టరీ మూసేస్తే, నలుగురం కలిసి ఏదో ఒక బస్సెక్కేవాళ్ళం. పదిహేడేళ్ళు అలా తిరిగాం. సముద్రం చూశాం, కొండలు చూశాం, చూడ్డానికి ఏమీ లేని ఊళ్ళు అంతకంటే ఎక్కువ చూశాం. గుండీకి నా ప్రయాణపు సంచీ, ఇస్త్రీకి నా ఫ్లాస్కు ఇస్తున్నాను. ఫ్లాస్కు మూత పోగొట్టింది ఇస్త్రీయే కాబట్టి మూత ఏదని ఎవరినీ నిలదీయకూడదు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత గుండీది. ఆమెకు మొహమాటం లేదు.

4. బీరువా పైనున్న బిస్కెట్ల డబ్బాను మూత తీయకుండా కాల్చేయాలి. ఎందుకని అడగకూడదు.

5. (కొట్టివేత. కింది అక్షరాలు కనబడేటట్టు ఒకే గీత గీశాను.) నర్సుకు, మా చివరి ప్రయాణంలో ఆమె మొండికేసి ఎక్కించిన తప్పుడు బస్సు టికెట్టు. అద్దం కట్టించి ఇవ్వాలి. ఏం జరిగినా మన మంచికే జరిగిందని పదిహేడేళ్ళు నా చెవిలో ఊదిన మనిషి, ఆ ప్రయాణం నుంచి దిగిన రోజు మొదలు తొమ్మిదేళ్ళుగా నా ముఖం చూడలేదు. తుంటి విరిగి పడుంటే కూడా రాలేదు. ఇంతకంటే ఆమెకు ఏమీ లేదు.

పై అయిదు క్లాజులూ సోమవారం రాశాను. ఇవాళ గురువారం. మొదటి నుంచి మళ్ళీ రాయమని వకీలు అన్నాడు. రాయను. కుట్టు తప్పుపోతే విప్పినచోట సూది రంధ్రాలు కనబడతాయి, కనబడనివ్వండి.

6. ఆ టికెట్టు డబ్బాలో ఉంది. అద్దం కట్టించాలంటే డబ్బా తెరవాలి. తెరిచాను. డబ్బాలో ఏముందో ఇప్పుడు చెప్పక తప్పదు.

ప్రతి ప్రయాణం ఆఖరి సాయంత్రం నర్సు స్టాంపు ఉన్న కార్డులు కొని తెచ్చేది. ఆ వారంలో మేలు చేసిన ఒకరికి ఒక్కొక్కరం థాంక్స్ రాయాలని దాని పద్ధతి. వేణ్ణీళ్ళు కాచి ఇచ్చిన లాడ్జీ ఆవిడకు, గొడుగు మరిచిపోతే పరుగెత్తుకొచ్చి ఇచ్చిన రిక్షా అతనికి, అలా. నేను ఎప్పుడూ రాయలేదు. జీతం తీసుకుని చేసిన పనికి థాంక్స్ ఏమిటని నా ఉద్దేశం. పోస్టు డబ్బా మా వీధి మొదట్లోనే ఉందని, ముగ్గురి కార్డులూ వేసే పని నాకు అప్పగించారు. మొదటి ఏడాది దారిలో చదివాను. మమ్మల్ని నానా మాటలూ అన్న కండక్టరుకు నర్సు రాసింది, గట్టిగా అరిచి నిద్ర లేపినందుకు కృతజ్ఞతలని. అరికాలి మంట నెత్తికెక్కింది. రేపు వేద్దాంలే అని సంచీలో పడేశాను. ఆ రేపు రాలేదు. రెండో ఏడు వేస్తే మొదటి ఏటివి ఏమయ్యాయనే ప్రశ్న వస్తుందని అవీ వేయలేదు. ఆ తర్వాత చదవడం కూడా మానేసి, రబ్బరు బ్యాండు చుట్టి ఈ బిస్కెట్ల డబ్బాలో కుక్కాను. పదిహేడేళ్ళ కార్డులు యాభై ఒకటి. ఒక్కదానికీ జవాబు రాలేదేమని ఇస్త్రీ నసిగినప్పుడల్లా, చదివి నవ్వుకునే ఉంటార్లే, రాసే తీరిక ఉండొద్దూ, అనేది నర్సు. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. నా అంత సిగ్గులేని మనిషిని నేను చూడలేదు.

7. ఆ తప్పుడు బస్సు మమ్మల్ని ఒక రాళ్ళ క్వారీ ముందు దింపి వెళ్ళిపోయింది. తిరుగు బస్సుకు ఆరు గంటలు. నీడంటే లారీలు తూచే కాటా గది ఒక్కటే. కాటా గుమాస్తా కుర్చీలు వేశాడు. నర్సు అతన్ని బతిమాలి మమ్మల్ని నలుగురినీ సంచులతో సహా లారీ కాటా మీద నిలబెట్టింది. మూడు వందల కిలోలు చూపించింది. గుండీ దిగిపోయినా ముల్లు కదల్లేదు, తుప్పు పట్టి ఇరుక్కుపోయింది. మేం నవ్విన నవ్వుకు క్వారీ పనివాళ్ళు వచ్చి చూశారు. నేనూ నవ్వాను. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. జీవితంలో అంతగా నవ్వింది అప్పుడే. మరుక్షణం నాకు ఒళ్ళు మండింది, తప్పుడు బస్సు ఎక్కించి నవ్విస్తుందా అని. అందరి ముందూ నోరు జారాను. నీ సంతోషం ఒక జబ్బు, ముందు దానికి మందు వేసుకో అన్నాను. సాయంత్రం నర్సు ఎప్పటిలాగే కార్డులు రాయించి నా చేతికిచ్చింది. ఆ ఏటి తర్వాత నేను వెళ్ళలేదు. నేను లేకుండా వాళ్ళూ వెళ్ళలేదు.

ఆ ఆఖరి కట్టలో నర్సు రాసిన కార్డు మీద అడ్రసు నాది. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

"చెకింగూ, ఈసారి నా థాంక్స్ నీకే. నువ్వు తప్పు చూపించకపోతే మేం ముగ్గురం ఏ బస్సు పడితే ఆ బస్సెక్కి ఇంటికే చేరేవాళ్ళం కాదు. ఇవాళ నువ్వు నవ్వావు, నేను చూశాను. కోపం తగ్గాక నువ్వే పిలువు. పిలిచేదాకా నీ గడప తొక్కి నిన్ను విసిగించను, ఒట్టు."

నాకు రాసిన కార్డును నా చేతికే ఇచ్చింది, పోస్టులో తిరిగి నా ఇంటికి వస్తుందని. నేను దాన్ని డబ్బాలో వేసి, రాలేదని తొమ్మిదేళ్ళు నర్సునే తిట్టాను. నిన్న గుండీని గద్దిస్తే ఇంకో సంగతి బయటపడింది. నేను ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజులూ నర్సు వచ్చి, వార్డు గుమ్మం దగ్గరే నా సంగతి కనుక్కుని వెళ్ళిందట. చెప్పొద్దని గుండీ చేత ఒట్టు వేయించుకుందట. ఒట్టుట, ఒట్టు! నా మీద నాకున్న కోపం చెప్పనలవి కాదు. దాని మీదా కోపమే. ఒక్కసారి తలుపు తోసుకుని వచ్చి, కార్డు అందలేదా ముదనష్టపుదానా అని అడిగితే ఏం పోయేది?

8. నాలుగో క్లాజు రద్దు. డబ్బాను కాల్చకూడదు. నా కార్డు పోను మిగిలిన యాభై కార్డులనూ ఆ మనుషులను వెతికి చేతికివ్వాలి. వాళ్ళు లేకపోతే వాళ్ళ పిల్లలకివ్వాలి. నేను బతికుండగానే మొదలుపెడతాను. పూర్తి కాకుండా పోతే మిగతావి గుండీ, ఇస్త్రీ చూసుకోవాలి. ప్రతి గుమ్మంలోనూ ఇంత ఆలస్యం ఎందుకయిందో నా పేరు పెట్టి మరీ చెప్పాలి.

9. వీలునామా ద్వారా ఏదైనా పుచ్చుకునే మనిషి దాని మీద సాక్షి సంతకం చేయకూడదని వకీలు చెప్పాడు. అందుకే అయిదో క్లాజు కొట్టేశాను. నర్సుకు నా ఆస్తిలో పూచికపుల్ల కూడా ఇవ్వడం లేదు. ఇద్దరు సాక్షుల్లో ఒకరుగా అదే సంతకం చేయాలి. నేను సంతకం పెడుతుంటే ఎదురుగా కూర్చుని చూసి మరీ చేయాలి. నా జీవితంలో మొట్టమొదటి కార్డు ఇవాళ దానికి రాశాను. రమ్మన్నాను, క్షమించమన్నాను, థాంక్స్ అన్నాను. పోస్టు డబ్బాలో వేస్తానని నన్ను నేను నమ్మలేక పోస్ట్‌మాన్ చేతికే ఇచ్చాను. నర్సు వచ్చేదాకా తేదీ, సంతకం ఖాళీ. అది లేకుండా నేను సంతకం చేయను. రాకపోతే ఈ కాగితం చెల్లదు. అప్పుడు మేనల్లుడూ వాళ్ళ నాన్నా ఇంటి కోసం జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు, నాకు సంబంధం లేదు.

ఇదే నా మొదటి వీలునామా, ఇదే చివరిది. చదివి, తప్పులున్నాయని తెలిసే సంతకం చేస్తున్నాను.

తేదీ: మార్చి పంతొమ్మిది, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు.

సంతకం: చెకింగ్

సాక్షులు:

1. మా వీధి పోస్ట్‌మాన్. (కార్డును నేనే స్వయంగా అందజేశాను.)

2. నర్సు. (మతి స్థిమితంగానే ఉంది, కోపం మాత్రం తగ్గలేదు. ఆ టికెట్టు ఇప్పుడే నా చేతికిచ్చింది, కాబట్టి దానికీ వీలునామాకూ సంబంధం లేదు. ముందుగా కాటా గుమాస్తా కార్డు ఇచ్చి వద్దాం. బస్సు ఎల్లుండి ఉదయం ఏడింటికి. అది సరైన బస్సో కాదో ఈసారి నువ్వే చూసి చెప్పు.)