మొండి రక్తం

అక్కా,

నువ్వు పురిట్లో పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే మా స్కూల్లో బ్లడ్ టెస్టు చేశారు. నాదీ నీ గ్రూపే, ఓ నెగెటివ్.

ఇంటికొచ్చేసరికి మామ్మ కొబ్బరి కోరుతూ పక్కింటి పిన్నిగారితో అంటోంది: "దానిది మొండి రక్తమమ్మా. మనిషీ మొండిదే. అందుకే ఎవరి రక్తమూ పొసగలేదు."

అమలాపురమంతా తిరిగినా నీ గ్రూపు రక్తం దొరకలేదంటే మామ్మ ఒప్పుకోదు.

నన్ను చూసి, "నీదేమొచ్చిందే?" అంది.

"ఓ పాజిటివ్ మామ్మా."

"ఆయ్, చూస్తేనే తెలుస్తుందండీ, మెత్తని పిల్ల!" అన్నారు పిన్నిగారు.

అమ్మ వంటింట్లోంచి వచ్చి నా తల నిమిరింది. నిజం నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

రేపు నాకేదైనా అయితే డాక్టరుగారికి అమ్మ పాజిటివ్ అనే చెబుతుంది. నీకోసం ఊరంతా వెతికారక్కా. నాకోసం వెతకాలని కూడా ఎవరికీ తెలియదు.