వద్దు అని నొక్కిన వేలు

యెర్సెకె,
ఏప్రిల్ 9, గురువారం.

మా అమ్మాయి యొజీనాకు,

ప్రభువు కృప బ్రస్సెల్స్‌లోని నీ గది గుమ్మం దాకా వచ్చి నీకు తోడుండుగాక. ఇక్కడ మేమిద్దరం ప్రాణాలతో, ఆయన దయలో ఉన్నాం. "అందరం క్షేమం" అని రాయబోయి కలం ఆపాను. అబద్ధంతో మొదలుపెట్టకూడని ఉత్తరం ఇది.

నీ ఉత్తరం సోమవారం అందింది. అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. అమ్మ తింటోందా అని అడిగావు. తింటోంది. ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం వచ్చేసింది. నేను కాచిన బఠాణీ సూపు పెడితే మాత్రం ముఖం తిప్పేసుకుంటుంది, అందులో తప్పు ఆమెది కాదు. మాటలు రోజుకు నాలుగైదు వస్తున్నాయి. మొన్న ఉన్నట్టుండి "పిప్పరమెంటు" అంది. పరుగెత్తుకెళ్లి తెస్తే తీసి నా నోట్లో పెట్టింది. ప్రసంగీకుణ్ణి నోరు మూసుకోమనడానికి అంతకన్నా మర్యాదైన పద్ధతి లేదు కదా.

నా రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నాను. మారినుస్ మామయ్య కుక్క కుంటడం మానేసి మళ్లీ మన కోళ్ల వెంట పడుతోంది. ఇక నాలుగో ప్రశ్న. ఆ బుధవారం నా ఫోను తెర మీద ఏం కనిపించిందని అడిగావు. దానికి వస్తాను తల్లీ, పారిపోను. ముందు ఇంకొకటి చెప్పనీ.

ఈ పదిహేనో తారీఖున రాజీనామా ఇస్తున్నానని రాశావు. ఆ వాక్యం దగ్గర అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. మీ ఆఫీసు చేసిన పని నాకు ఎంత అర్థమైందో రాస్తాను, తప్పుంటే దిద్దు. ఒక కంపెనీ ఫోను తన సొంత గడియారంతో ఎలా మెలుగుతుందో, పోటీ కంపెనీ గడియారంతోనూ అలాగే మెలగాలని చట్టం రాశారు మీరు. బల్ల దగ్గర కంపెనీ వాళ్లతో వాదించినప్పుడు ఒక్క మాట నువ్వు సడలించావట. బ్యాటరీ బాగా తగ్గితే పరాయి గడియారంతో బంధం కాసేపు తెంచుకోవచ్చని. అమ్మ పడిపోయినప్పుడు ఆమె చేతికున్న పరాయి కంపెనీ గడియారం కబురు పంపిందట, నా ఫోను అందుకోలేదట, కాబట్టి నువ్వు సడలించిన ఆ మాటే అమ్మను నేలమీద వదిలేసిందట. అలాగని నమ్మి ఏడేళ్ల పనిని వదిలేస్తున్నావు.

కాదు యొజీనా. ఆ రోజు నా ఫోనులో బ్యాటరీ నిండుగా ఉంది.

కొత్త సంవత్సరం నాటి కూడిక నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు మూడో వరసలో అమ్మ పక్కన కూర్చున్నావు. నేను బాబెలు గోపురం మీద ప్రసంగించాను. భాషలన్నీ దేవుడు విడదీస్తే బ్రస్సెల్స్‌లో కూర్చుని ఒక్కటి చేసేవాళ్లెవరని అరిచాను. ఎద్దునూ గాడిదనూ ఒక కాడికి కట్టకూడదన్న ఆజ్ఞ ఎత్తి నీ వైపే చూశాను. నువ్వు ఇంటికి రాకుండా నేరుగా బస్సెక్కావు. నీకోసం వేయించిన బూరెల డబ్బా పట్టుకుని అమ్మ బస్టాపు దాకా పరుగెత్తింది. తిరిగొచ్చి నాతో ఒక్కటే అంది, "మూర్ఛలున్న మనిషిని పరుగెత్తించారు. సంతోషమేనా?" నేను దానికీ ఏదో వాక్యం చెప్పాను.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం రేవు దగ్గర షెడ్డులో మారినుస్ పడవ ఇంజను విప్పుతున్నాను. ఫోను తనంతట తాను కొత్త హంగులు దించుకుని అమ్మ పేరు పెట్టి ఒక ప్రశ్న అడిగింది. పీటర్నెల్లా గడియారం ఎప్పుడూ మీ ఫోనుతో కలిసి ఉండడానికి అనుమతిస్తారా? కింద "సరే", "వద్దు". మారినుస్ నా భుజం మీంచి తొంగిచూశాడు.

"ఏం క్రైనూ, మీ అమ్మాయి బ్రస్సెల్స్ నుంచి నీ జేబులోకే దిగిందే!"

"దిగితే దిగింది, తలుపు తియ్యాల్సింది నేను."

"ఆ, తీస్తావులే. బల్ల గుద్దేది ఆదివారం, బటన్ నొక్కేది సోమవారం. చూశాం ఇలాంటి బోధకుల్ని."

ఆల్చిప్పల పడవల వాళ్లు నలుగురు అక్కడే ఉన్నారు, నవ్వారు. నా చెవులు మండిపోయాయి. గ్రీజు వేలితో "వద్దు" నొక్కి తెర వాళ్లందరికీ చూపించాను. "ఎద్దుకూ గాడిదకూ ఈ ఇంట్లో కాడి లేదు!" అన్నాను. ఆమేన్ అన్నారు. ఆ ఆమేన్ నాకు ఎంత తియ్యగా ఉందో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గేస్తోంది.

ఇంతవరకైతే అది పొగరు. అసలు పాపం మార్చిలో చేశాను.

పంటల ప్రార్థన దినం, బుధవారం పొద్దున. నేను మందిరానికి వెళ్లే రోజుల్లో మారినుస్ భార్య వౌట్రీనా వచ్చి అమ్మ దగ్గర కూర్చునేది కదా. ఆ రోజు నాకు కోటు తొడుగుతూ అమ్మ అంది, "వౌట్రీనాను రావద్దన్నానండీ. పాపం, ఏడాదికొక్క ప్రార్థన దినం, ఆమె కూడా కూర్చోవద్దూ? నాకు గడియారం ఉందిగా. పడితే మీ జేబులో మోగుతుందని యొజీనా చెప్పింది."

నేను "సరే" అన్నాను.

ఫోనుకు చెప్పాల్సిన మాట అమ్మకు చెప్పాను. నిజం చెబితే ఆమె ముందు తలదించుకోవాలి. పైగా ప్రసంగానికి వేళవుతోంది. నీ తల్లి ప్రాణం కన్నా నా తలే నాకు ఎక్కువైంది.

ఇంట్లో రోగి ఉందని పెద్దలు అనుమతిచ్చినందున ఫోను జేబులోనే ఉంది. పదకొండుకు ముగించాలి. మన వాళ్లు ప్రసంగంలో ఒక్కో భాగానికి ఒక్కో పిప్పరమెంటు తీస్తారు, మూడోది చప్పరించడం కూడా అయిపోయింది. నేను దిగలేదు. ఊపులో ఉన్నాను. మెలకువగా ఉండుడి అని బల్ల గుద్ది మరో నలభై నిమిషాలు చెప్పాను. ఆ సమయానికి, మన ఇంటి నుంచి నాలుగు నిమిషాల దూరంలో, అమ్మ వంటింటి రాళ్ల మీద పడి ఉంది. గడియారంలో చూస్తే పదీ పదికి పడింది. తలుపు దగ్గర అందరి అభినందనలూ అందుకుని నేను ఇల్లు చేరేసరికి పన్నెండు. సూపు గిన్నె మాడి పొగ. "పక్షవాతం. గంట ముందు తెచ్చుంటే ఆ చెయ్యి, ఆ మాట దక్కేవి" అన్నాడు డాక్టరు.

ఆసుపత్రి నుంచి నేను చేసిన ఫోను నీకు గుర్తుంది.

"నాన్నా, గడియారం మోగలేదా?"

"మోగలేదమ్మా. మీ చట్టం మోగలేదు."

ఆ మాటతో నా పాపాన్ని నువ్వు నీ భుజానికెత్తుకుంటున్నావని నాకు తెలుసు. తెలిసే ఎత్తుకోనిచ్చాను.

సోమవారం నీ ఉత్తరం చదివాక అమ్మ నా ఫోను ఇమ్మని చెయ్యి చాపింది. ఎడమ వేలితో తడుముకుంటూ, ఆగుతూ వెతికింది. గడియారం పేరు, దాని కింద "అనుమతి లేదు". నీ నాలుగో ప్రశ్నకు జవాబు అదే తల్లీ. ఆ వేలు దానిమీద ఉంచి నా ముఖంలోకి చూసింది. తిట్టలేదు. ఎంతో కష్టపడి ఒక మాట అంది. "రాయి."

ప్రభువును ఎరగనని బొంకిన పేతురు కోడి కూసిన వెంటనే బయటికి పోయి ఏడ్చాడు. నాకు మూడు రోజులు పట్టింది. ఎద్దూ గాడిదల ఆజ్ఞ నాకు కంఠతా వచ్చు. నిన్ను ద్వేషించేవాడి గాడిద బరువు కింద పడి ఉంటే దాటిపోకుండా వాడితో కలిసి లేపమన్న ఆజ్ఞ కూడా అదే మోషే చేతి రాతే. ముప్పై ఏళ్లలో దానిమీద ఒక్క ప్రసంగం చెయ్యలేదు. మీరు రాసింది ఆ రెండోదే అనిపిస్తోంది. మనకు వైరమున్నా పడినవాళ్లను లేపాలనే కదా ఆ చట్టం.

ఫోను చేసి చెప్పొచ్చు. కానీ "పర్లేదు నాన్నా" అని నువ్వు మొదటి మాటకే అడ్డుపడతావు, దాన్నే పట్టుకుని నేను ఆగిపోతాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే కాగితం మీద, నా చేతిరాతతో. దీన్ని మీ పై అధికారికి చూపించు. రాజీనామా చింపెయ్యి. నన్ను క్షమించమని అడగను. నీ పని నీ చేతిలో ఉంటే చాలు. ఆదివారం ఆ నలుగురూ ఉన్న కూడికలోనే లేచి ఇదంతా చెబుతాను, ఆ తరవాత ప్రసంగపీఠం ఎక్కను. పెద్దలకు చెప్పేశాను. మారినుస్ నేల చూస్తూ, "ఆమేన్ అన్నవాళ్లం మేమూ ఉన్నాం కదరా" అన్నాడు.

సోమవారమే "సరే" నొక్కాను.

ఈ పంక్తి దగ్గర కలం ఆపి పరుగెత్తాల్సి వచ్చింది. జేబులో ఫోను గణగణా మోగింది. వంటింట్లోకి వెళ్తే అమ్మ కుర్చీలో తీరిగ్గా కూర్చుని ఉంది, వేలు గడియారం మీద. నా రాత సాగదీస్తున్నానని కనిపెట్టింది కాబోలు. "పోస్టు," అంది. ఊపిరి తీసుకుని, "ఐదు," అంది.

ఐదింటికి డబ్బా ఖాళీ చేస్తారు. ఇంకో పది నిమిషాలున్నాయి. ఈసారి వేళకు ముగిస్తున్నాను.

ఇట్లు,
నీ నేరం కానిదాన్ని నీ మీద మోపిన
మీ నాన్న,
క్రైన్