పాత గ్రూపులో ఒక్కణ్ణే

తమ్ముడూ,

నన్ను ఇంట్లోంచి గెంటేసినంత పని చేసింది నువ్వే. వాదిస్తానని, నాకు తెలియకుండా ఫోన్లో ఇంకో కుటుంబం గ్రూపు పెట్టి అందరినీ అక్కడికి తీసుకుపోయావు. పాతదానిలో నేను ఆడవాళ్ల ఆస్తిహక్కు గురించి గోడకు చెప్పుకున్నట్టు రాస్తూనే ఉన్నాను. పొద్దున్నే లేచి, కనీసం ఎవరైనా తిట్టారేమోనని చూసుకునేవాణ్ణి.

నిన్న పొరపాటున అక్క ఆసుపత్రి మంచం మీదున్న ఫొటో ఆ పాతదానిలో పెట్టి, వెంటనే తీసేశావు. నేను చూశాను. ఫోన్ చేసి నిలదీస్తే అప్పుడు చెప్పావు కొత్త గ్రూపు సంగతి. "నీకు చెబితే డాక్టరుతో కూడా తగువుకు దిగుతావన్నయ్యా" అన్నావు. దిగుతాను. అక్క కోసం దిగకపోతే ఇంకెవరి కోసం దిగుతాను?

నాకు కావలసినవి ఇవి:
మీ గ్రూపులో చోటు అక్కర్లేదు.
అక్క ఏ వార్డులో ఉందో చెప్పు.
నేను వస్తున్నానని ఆమెకు చెప్పు.
నన్ను తిట్టాలనుకుంటే ఇంటికొచ్చి తిట్టు.

అన్నయ్య