పై బాణం మీట

మా బావ చెయ్యి మిషన్‌లో నలిగిన వీడియో లేదని మా అక్కకి మొహం మీదే అబద్ధం చెప్పారు, సూపర్‌వైజర్ గారూ. "ఆ రోజు కెమెరా పనిచెయ్యలేదమ్మా, మిషన్ రక్షణ మూత మీ ఆయనే విప్పుకున్నాడు" అన్నారు.

కంప్యూటర్ పని నాకెవరూ నేర్పలేదు. స్టోర్‌రూమ్‌ కంప్యూటర్‌లో ఉన్న కెమెరా వీడియోలు మీ గదిలోంచే నడిపించే ఒక్క లైను కమాండ్ మీకు నేర్పింది మాత్రం నేనే. పై బాణం మీట నొక్కితే మీరు కొట్టిన పాత కమాండ్లన్నీ తెర మీదికి తిరిగొస్తాయని చెప్పలేదు, అంతే.

నిన్న మీ కంప్యూటర్ బాగుచేస్తూ నొక్కాను. ఆ రోజు ఫైలు మీరు మూడుసార్లు చూశారు. నేను ఒక్కసారే చూడగలిగాను. మూత విప్పించింది మీరు. బావ కింద పడగానే మీరు ముందు చూసింది కెమెరా వైపు.

శుక్రవారం సాయంత్రం అయిదులోగా ఈ నిజం రాసి, సంతకం పెట్టి మా అక్క చేతికివ్వండి. లేకపోతే ఆరింటికి షిఫ్టు మారేటప్పుడు అదే వీడియో క్యాంటీన్ టీవీలో నడుస్తుంది. దానికీ ఒక్క లైనే కొట్టాలి.