నర్సమ్మకు చెప్పని దగ్గు

ఊరిగాం వృద్ధాశ్రమం,
బుధవారం

సౌభాగ్యవతి గురువమ్మకు ఓబలప్ప ఆశీస్సులు. నేను క్షేమం. నరసాపురంలో నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ క్షేమమని తలుస్తాను. ఫోనులో అల్లుడి ముందు చెప్పలేని సంగతి ఉండి రాస్తున్నాను. ఇది నువ్వే కూడబలుక్కుని చదువుకో.

సంగటి పెడుతున్నారా అని అడిగావు. పెడుతున్నారు, జావకు తమ్ముడు. ఫ్లూ సూది వేయించుకున్నాను. సూది పడినా దగ్గు, జ్వరం వస్తే దాచొద్దని, ముసలివాళ్లకు ఇట్టే పాకుతుందని నర్సు ఆదిలక్ష్మమ్మ రోజూ మంచం మంచానికీ వచ్చి చెబుతుంది. ఆదివారం అంత దూరం వచ్చినదాన్ని గేటు దగ్గరి నుంచే ఎందుకు పంపేశారని కోప్పడ్డావు. నా వల్లే గురువమ్మా.

బంగారు గనిలో పనిచేసిన రోజుల్లో కంపెనీ డాక్టరు ముందు దగ్గితే లోపలి పని పోతుందని, బుగ్గన మిరియాలు పెట్టుకుని ఊపిరి బిగబట్టేవాళ్లం కదా. ఆ పాడు అలవాటు ఈ వయసులోనూ పోలేదు. పోయిన వారం మంగళవారం ఒళ్లు కాలిపోతుంటే జ్వరం మాత్ర మింగి కూర్చున్నాను.

"తాతా, దగ్గేమన్నా ఉండాదా?" అని ఆదిలక్ష్మమ్మ అడిగింది.

"నాకేం రోగమమ్మా, గుండ్రాయి మాదిరి ఉండాను" అన్నాను.

చెబితే వేరే గదిలో పెడతారు, ఆదివారం నిన్ను చూడనివ్వరు. రెండు నెలలుగా ఆ ఒక్క రోజు కోసమే చూస్తున్నాను మరి!

నా గదిలోని పిల్లప్పకు అంటింది. ఇరవై ఏండ్లు రాతిదుమ్ము మింగిన మనిషి, ఎట్లా తట్టుకుంటాడు? ఆయనకు ఎవరూ లేరు. నువ్వొస్తున్నావంటే తన చుట్టమే వస్తున్నట్టు తల దువ్వుకునేవాడు. శుక్రవారం ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ సాయంత్రమే నర్సమ్మకు నిజం చెప్పేశాను. తిట్టి ఉంటే బాగుండేది. నన్ను ఈ ఒంటరి గదికి మార్చి, అందరినీ పరీక్ష చేయించి, గేటు మూయించింది. ఇంకెవరికీ రాలేదు. పిల్లప్ప సోమవారం పోయాడు. ఇక్కడ పలకరించడానికి గోడలే ఉన్నాయి.

ఒక్క మాట నర్సమ్మకు కూడా చెప్పలేదు. స్ట్రెచర్ ఎక్కిస్తుంటే పిల్లప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా దగ్గు నీకేమన్నా తగులుకునిందా ఓబలప్పా?"

"లేదప్పా" అన్నాను.

"అమ్మయ్య. అదే దిగులుగా ఉన్నింది" అన్నాడు.

ఇట్లు,
నీ పెనిమిటి
ఓబలప్ప